గోరంత చేపలు

పోయిన నెల బాల్కనీలో కరివేపాకు మొక్కను ఎండ నుంచి కాపాడుకున్న సంగతి చెప్పాను కదా. ఈసారి బాల్కనీ తలుపు వేసేసి హాల్లోకి రండి. టీవీ పక్కన రెండడుగుల గాజు తొట్టె ఉంటుంది. అందులో ఇసుక, నాలుగు మొక్కలు, ఒక చెట్టు మోడు. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లలో సగం మంది "ట్యాంకు ఖాళీగా పెట్టుకున్నారేంటండీ?" అని అడుగుతారు. కాఫీ తాగేలోపు ఒక చేప కనిపిస్తుంది. ఒకటి కనిపిస్తే ఇక అన్నీ కనిపిస్తాయి.

వీటిని పిగ్మీ కోరిడోరస్ అంటారు. బాగా ఎదిగిన చేప కూడా రెండు, రెండున్నర సెంటీమీటర్లే. వెండి రంగు ఒళ్లు, మూతి దగ్గర నుంచి తోక దాకా కాటుకతో గీసినట్టు ఒక నల్ల గీత, మూతి కింద చిన్న మీసాలు. మీసాలు చూస్తే మీకు అర్థమయ్యే ఉంటుంది, మన జెల్లల బంధువులే. కాకపోతే వీటి పుట్టిల్లు బ్రెజిల్‌లోని మదీరా నది పరిసరాలు. 1966లో వీటికి కోరిడోరస్ పిగ్మేయస్ అని శాస్త్రీయ నామం పెట్టారు. 2024లో శాస్త్రవేత్తలు ఆ పెద్ద ప్రజాతిని విడగొట్టి దీన్ని గ్యాస్ట్రోడెర్మస్ అనే ప్రజాతిలో చేర్చారు. పెళ్లయ్యాక మన ఇంటిపేరు మారినట్టే. షాపుల్లో మాత్రం అందరూ ఇంకా పుట్టింటి పేరుతోనే పిలుస్తున్నారు.

మాది ఆకివీడు. ఊరు చుట్టూ చేపల చెరువులే. నాన్న ముప్పై ఏళ్లు చెరువులు లీజుకు చేశారు. శీలావతి, బొచ్చె, ధర బాగున్న ఏడు రొయ్య. నేను భీమవరంలో బీజడ్‌సీ చదివాను. పెళ్లయి కువైట్ వచ్చి తొమ్మిదేళ్లు. ముబారక్ అల్ కబీర్ గవర్నరేట్‌లో, సబా అల్ సాలెంలో ఉంటాం. మావారు ఆఫీసుకి, పాప స్కూలుకి వెళ్లాక ఇల్లంతా ఏసీ చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ చప్పుడు మీలో చాలామందికి తెలిసిందే.

మూడేళ్ల కిందట నాన్నకి గుండెలో స్టెంట్ వేశారు. ఆ ఏడే చెరువుల లీజు వదిలేశారు. తెల్లవారుజామున మూడింటికి లేచి టార్చిలైటుతో గట్టు మీద తిరిగిన మనిషి, వరండాలో కుర్చీకి అతుక్కుపోయారు. ఫోన్ చేస్తే "తిన్నారా? పాప బాగుందా? సరే, అమ్మకిస్తా" అనేవారు. నిమిషం కూడా అయ్యేది కాదు. నాకూ ఏం అడగాలో తెలిసేది కాదు.

మొదటి ఆరు

పాప ఆరో పుట్టినరోజుకి చేపలు కావాలంది. ఒక షాపుకి వెళ్లాం. ట్యాంకు, ఫిల్టరు, రంగురాళ్లు, ఆరు పిగ్మీలు, అన్నీ ఒకేసారి కొన్నాం. ఒక్కో చేప దీనారున్నర. "ఇంటికెళ్లి నీళ్లు పోసి వదిలేయండి, అంతే" అన్నాడు షాపతను. అలాగే చేశాం. పాప ఆ రాత్రి ట్యాంకు ముందే అన్నం తింది.

నాలుగో రోజున ఒకటి పోయింది. తొమ్మిదో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. చివరిదాన్ని గ్లాసులోకి తీస్తుంటే పాప అడిగింది, "అమ్మా, మనమే చంపామా?" అని.

"కాదు నాన్నా, వాటికి జబ్బు చేసింది" అందామనుకున్నాను. నోరు రాలేదు. ఎందుకంటే అప్పటికే నాకు విషయం అర్థమైంది. "అవును, అమ్మకి తెలియక చంపింది" అన్నాను.

నిజానికి తెలియక కాదు, గుర్తు రాక. చేప విసర్జించేది అమ్మోనియా. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియానే. అది చేప మొప్పల్ని దెబ్బతీస్తుంది. చెరువులో, నదిలో నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రోస్పైరా లాంటివి దాన్ని నైట్రేటు చేస్తాయి. అది చాలావరకు అపాయం లేనిది, మొక్కలకు ఎరువు. దీన్నే నైట్రోజన్ వలయం అని పరీక్షలో బాణం గుర్తులతో సహా బొమ్మ గీశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ కొత్త ట్యాంకులో, కొత్త ఫిల్టరులో ఆ బ్యాక్టీరియా ఇంకా పుట్టి ఉండవని నా బుర్రకి తట్టలేదు. ఆ ఆరు చేపలూ తమ అమ్మోనియాలోనే తాము ఉండిపోయాయి.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఎప్పటిలా అమ్మకి ఇచ్చేస్తారనుకున్నాను. ఇవ్వలేదు.

"కొత్త చెరువు తవ్వి అదే రోజు పిల్లని వదులుతామా అమ్మాయ్? నీళ్లు పెట్టి, పేడ, సూపర్ వేసి, నీటికి రంగు వచ్చాకే కదా వదిలేది. ముందు నీళ్లని పెంచు. చేప తర్వాత."

ఆ రోజు ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడుకున్నాం. ఫోన్‌లో చూసుకున్నాను.

చేపలు లేని అయిదు వారాలు

రంగురాళ్లు తీసేశాను. ఈ చేపలు మీసాలతో నేలను తడుముతూ తింటాయి. అంచులున్న రాళ్ల మీద ఆ మీసాలు అరిగిపోతాయి. అక్వేరియం కోసం అమ్మే సన్నటి ఇసుక తెచ్చి, బియ్యం కడిగినట్టు కడిగి పోశాను. ఇక్కడ కాలు పెట్టిన చోటల్లా ఇసుకే కదా, కొనడమేంటి అనిపిస్తుంది. ఎడారి ఇసుకలో లవణాలుంటాయి, మెస్సిలా బీచ్ ఇసుకలో గవ్వల పొడి ఉంటుంది. రెండూ నీటి గుణాన్ని మార్చేస్తాయి. వద్దు.

ట్యాంకులో రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చాను, అమ్మోనియా పుట్టడానికి. టెస్ట్ కిట్ కొని రెండు రోజులకొకసారి చూశాను. ముందు అమ్మోనియా పెరిగింది. తర్వాత అది తగ్గుతూ నైట్రైటు పెరిగింది. అయిదో వారానికి రెండూ సున్నా, నైట్రేటు మాత్రమే కనిపించింది. పరీక్షలో గీసిన బొమ్మ నా కళ్లముందు గాజు గొట్టాల్లో రంగులు మారుతోంది. పాప మాత్రం వచ్చిన వాళ్లందరికీ "మా అమ్మ ఉత్తి నీళ్లు పెంచుతోంది" అని చెప్పింది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. కువైట్‌లో ఒక్క నది లేదు. పూర్వం షట్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చుకునేవారు. 1953లో మొదటి సముద్రజల శుద్ధి కేంద్రం వచ్చింది. మన కుళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రం నీరే, దాంట్లో కొంత భూగర్భ జలం కలిపి ఇస్తారు. క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని విరిచే మందు చుక్కలు వేయాల్సిందే. ఇంకో చిక్కు వేసవిలో. మేడమీది ట్యాంకు మరిగి, జూలైలో చన్నీళ్ల కుళాయిలో వేడినీళ్లు వస్తాయి. గీజర్ కట్టేసి వేడినీళ్ల కుళాయి తిప్పితే చల్లటివి వస్తాయి. గల్ఫ్ ఆడవాళ్లందరికీ తెలిసిన చిట్కానే ఇది. నేనైతే ముందురోజే బకెట్ నింపి ఏసీ హాల్లో పెట్టేస్తాను. మర్నాటికి ట్యాంకు వేడితో సమానమవుతుంది.

అయిదు వారాల తర్వాత పన్నెండు పిగ్మీలు తెచ్చాం. ఇవి గుంపు చేపలు. రెండో మూడో తెస్తే భయంతో మోడు వెనకే ఉండిపోతాయి, తిండి తినవు. ఎనిమిది, పది ఉంటే ధైర్యం. చాలా కోరిడోరస్‌లు నేలనంటే ఉంటాయి కానీ ఇవి నీటి మధ్యలో గుంపుగా ఈదుతాయి. కన్ను కూడా కొడతాయి! కనుగుడ్డును గబుక్కున కిందకి తిప్పుతాయి, చూసేవాళ్లకి కన్ను కొట్టినట్టే ఉంటుంది. పాప ఆ రోజంతా చేపలకి కన్ను కొడుతూ కూర్చుంది.

తేలడం అంటే

మూడో రోజు పొద్దున్నే ట్యాంకు దగ్గరికి వెళ్లి నిలువునా వణికిపోయాను. ఒక చేప నేల దగ్గర నుంచి బాణంలా పైకి దూసుకొచ్చి, నీటి అంచున నోరు తెరిచి, మళ్లీ కిందకి పోయింది. వెంటనే ఇంకొకటి.

చెరువుల ఊళ్లో పుట్టినదానికి ఆ దృశ్యం ఎంత భయమో చెప్పలేను. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. "చేప తేలింది" అన్న మాట వింటే ఇంట్లో అందరూ లేచేవాళ్లం. ఒక్క గంట ఆలస్యమైతే ఏడాది కష్టం తెల్లటి పొట్టలతో గట్టుకి కొట్టుకొచ్చేది. చిన్నప్పుడు ఒకసారి చూశాను. ఆ రోజు నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫోన్ చేశాను. "నాన్నా, తేలాయి!"

"పైనే ఉండిపోతున్నాయా, వచ్చి పోతున్నాయా?" తాపీగా అడిగారు.

"వచ్చి పోతున్నాయి."

"అయితే అది తేలడం కాదమ్మా. కొరమీను రాదూ పైకి? మార్పు రాదూ? ఇదీ అలాంటిదే అయ్యుంటుంది చూడు. నువ్వు చదువుకున్నదానివి, నన్నడుగుతావేం?"

చదివాను. ఆయన చెప్పింది నిజమే, పద్ధతి వేరు. కొరమీనుకి, మార్పుకి గాలి పీల్చుకోడానికి మొప్పల దగ్గర ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది. కోరిడోరస్ అయితే గాలి మింగుతుంది, దాని పేగు చివరి భాగం అందులోని ఆక్సిజన్‌ని రక్తంలోకి తీసుకుంటుంది. అంటే పేగుతో కూడా ఊపిరి పీలుస్తుంది! నాన్నకి చెబితే రెండు నిమిషాలు నవ్వారు. స్టెంట్ తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

అప్పటి నుంచి రోజూ కువైట్‌లో ఏడింటికి, ఆకివీడులో తొమ్మిదిన్నరకి, ఫోన్ ఆయనే చేయడం మొదలుపెట్టారు. మొదటి మాట, "తేలాయా?"

అన్నిట్లో ఆయన మాట చెల్లలేదు. ఒకసారి ఒక చేప రెక్క మీద తెల్లగా బూజులా కనిపిస్తే "కల్లుప్పు వేసెయ్" అన్నారు. చెరువు చేపకి అది మంచి వైద్యమే. కోరిడోరస్‌లకి ఉప్పు పడదు, రాగి కలిసిన మందులూ పడవు. నీళ్లు మాత్రం మార్చాను, వారానికి తగ్గింది. "నీ చేపలు నా మాట వినవే" అన్నారు. మేత విషయంలో మాత్రం ఇద్దరికీ ఒకటే మాట. రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా పిల్లలే వీటికీ ప్రాణం. ఆ పేరు వినగానే "అంత చిన్న నోరా వాటికి!" అని ఆశ్చర్యపోయారు.

శుక్రవారం మధ్యాహ్నం

గల్ఫ్ ఇళ్లలో వేసవి ఎలా ఉంటుందో మీకు తెలుసు. స్కూలు మూయగానే తల్లీపిల్లలు ఊరికి, మగవాళ్లు ఇక్కడే. మాత్రల డబ్బాలో రోజుకో గడి చొప్పున చిటికెడు మేత కొలిచి పెట్టి, "ఏమండీ, ఇంతకు మించి వేయకండి" అని ఫ్రిజ్ మీద కాగితం అంటించి బయల్దేరాను.

జూలైలో ఒక శుక్రవారం. ఆకివీడులో సాయంత్రం నాలుగున్నర, ఇక్కడ రెండు. మావారు వీడియో కాల్ చేశారు. చెమటతో తడిసిపోయి ఉన్నారు. బిల్డింగులో కరెంటు పోయిందట. హారిస్‌ని అడిగితే "ఇప్పుడే వస్తుంది" అంటున్నాడట. గంటన్నర నుంచి ఇదే మాట. కెమెరా ట్యాంకు వైపు తిప్పారు. థర్మామీటరు 31 చూపిస్తోంది. ఫిల్టరు ఆగిపోయింది. చేపలు పైకొచ్చి దిగడం లేదు. పైనే ఉన్నాయి.

ఈసారి నిజంగా తేలాయి.

నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ నిలవదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.2 మిల్లీగ్రాముల దాకా ఇమిడితే, 32 దగ్గర 7.3 మాత్రమే. అదే సమయంలో వేడికి చేప ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. ఫిల్టరులోని బ్యాక్టీరియాకీ ఆక్సిజన్ కావాలి. అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొని ఉంచాను గానీ, అందులో సెల్స్ పాప బొమ్మలోకి వెళ్లిపోయాయి. తప్పు నాదే.

నాన్న వరండా కుర్చీలోంచి లేచి వచ్చి ఫోన్ లాక్కున్నారు.

"అల్లుడుగారూ, చెంబు తీసుకోండి. ట్యాంకులో నీళ్లే ముంచి జానెడు పైనుంచి పొయ్యండి. ధార సన్నగా పడాలి, గాలి కలవాలి. ఆపొద్దు."

"అలాగే మావయ్యగారూ" అన్నారాయన. ఫోన్‌ని మోడా మీద ఆనించి, లుంగీ బిగించి, చెంబుతో మొదలుపెట్టారు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చిన్న నీళ్ల సీసా ఉంటే నీటి మీద తేలేయమన్నాను. ఒక్కటే, అదీ కాసేపు ఉంచి తీసేయమన్నాను, వేడి ఒక్కసారిగా పడిపోయినా ప్రమాదమే. మేత గడి జోలికి వెళ్లొద్దన్నాను.

గంటా నలభై నిమిషాలు. మధ్యలో కాల్ రెండుసార్లు తెగింది. నాన్న కూర్చోలేదు. "చేతులు మార్చుకోండి అల్లుడుగారూ" అంటూ ఫోన్ పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిచారు. అమ్మ మజ్జిగ తెచ్చి, ఏమీ అనకుండా అరుగు మీద పెట్టి వెళ్లింది. ఇక్కడ నాలుగు కావస్తుంటే ఫిల్టరు గుర్రుమంది. కరెంటు వచ్చింది.

మావారు చేపల్ని తొమ్మిది లెక్కపెట్టారు, మళ్లీ పదకొండు, మళ్లీ పది. ఆగస్టు చివర్లో నేనొచ్చి చూస్తే పదకొండే. పన్నెండోది ఏమైందో తెలియలేదు. ఇంత చిన్న చేప పోతే ఆనవాలు కూడా మిగలదు.

ఇప్పుడు పంపు పక్కన సెల్స్ కొత్త ప్యాకెట్ ఉంటుంది. దాని మీద పాప తన అక్షరాలతో "చేపలవి" అని రాసింది.

మీరూ పెంచాలనుకుంటే

కనీసం నలభై లీటర్ల ట్యాంకు తీసుకోండి. మాది అరవై. చిన్న ట్యాంకు సులువు అనుకుంటాం గానీ, నీళ్లు తక్కువైతే వేడీ విషమూ త్వరగా పెరుగుతాయి. గాలితో నడిచే స్పాంజ్ ఫిల్టరు చాలు, ఈ బుల్లి చేపల్ని లోపలికి లాగేయదు. స్నేహితుల ఇంట్లో పాత ట్యాంకు ఉంటే వాళ్ల స్పాంజ్‌ని మీ ట్యాంకులో పిండించుకోండి, బ్యాక్టీరియా త్వరగా కుదురుకుంటాయి. మన పెరుగు తోడు లాంటిదే. వేడి 22 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. జనవరి రాత్రులు ఇక్కడ బాగా చల్లబడతాయి కాబట్టి చిన్న హీటరూ కావాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. పట్టుకోవాల్సి వస్తే వల వాడొద్దు, రెక్కల ముళ్లు చిక్కుకుంటాయి. గ్లాసుతో ముంచండి. పెద్ద చేపలతో కలపకండి, వాటికి ఇవి పలహారం.

షాపులో కొనేముందు పొట్ట లోపలికి పోయి ఉందేమో, మీసాలు ఉన్నాయో లేదో చూడండి. నిన్ననే వచ్చిన చేపల్ని కొనొద్దు, వారం ఆగి అదే ట్యాంకులో బతికున్నవి తీసుకోండి.

పదిహేను

"రోజంతా ఇంట్లో ఏం చేస్తావు?" అని నన్ను చాలామంది అడిగారు. మిమ్మల్నీ అడిగే ఉంటారు. ఇదివరకు గబగబా పనుల జాబితా చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం మానేశాను. డిగ్రీ వృథా అయిందా అన్న దిగులు మాత్రం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ ఆ ఆరు చేపల దగ్గర ఒకటి తెలిసింది. నా చదువుని మరిచిపోయింది వేరెవరో కాదు, నేనే.

నవంబరులో ఇక్కడ తొలి వాన పడిన రోజు, ఎప్పటికంటే కాస్త చల్లటి నీళ్లతో ట్యాంకు మార్చాను. వాటి నదుల్లో వానాకాలం అంటే చల్లటి కొత్త నీరు. అదే వాటికి గుడ్లు పెట్టమన్న సంకేతం. రెండో రోజు పొద్దున ఆకుల కింద, గాజు మీద ఆవగింజల్లాంటి గుడ్లు. ఇరవై దాకా లెక్కపెట్టాం. కొన్నిటికి బూజు పట్టింది, కొన్నిటిని తల్లులే తినేశాయి. చివరికి నాలుగు పిల్లలు మిగిలాయి, కామా గుర్తంత.

పాప స్కూలు బట్టల్లోనే తాతయ్యకి ఫోన్ చేసింది. "తాతయ్యా, ఇప్పుడు మనకి పదిహేను!"

అటు నుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. "సంబరపడి మేత పెంచేస్తారు, పెంచొద్దని అమ్మకి చెప్పు" అన్నారు నాన్న. "నీళ్లు చూసుకోమను."

వచ్చే నెల మళ్లీ వంటింట్లోకి వెళ్దాం. ఈ చలికాలంలో ఇక్కడ దొరికే గోంగూర, దాన్ని ఏడాదంతా నిలవ చేసుకునే పద్ధతి. అంతవరకూ సెలవు.